పతకం మీద 1690, అంచు మీద మరో శతాబ్దం: ఒక పద్నాలుగో లూయీ పతకం కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు కెనడాలో స్థిరపడిన ఒక పాత ఫ్రెంచి కుటుంబానిది. ఊరు, పేర్లు చెప్పడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పతకానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. పాత నాణేలను, పతకాలను పరిశీలించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. వస్తువు ఏమిటో, ఎలా తయారైందో, ఎప్పుడు తయారైందో చెబుతాను, ధర కట్టను. ఈ రెండూ ఒకటే అనుకుని వచ్చేవారే ఎక్కువ.

వచ్చింది ముదురు గోధుమ రంగు రాగి పతకం. ముందు వైపు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తల, కుడి పక్కకు తిరిగి ఉంది. భుజాల దాకా ఉంగరాల జుట్టు, కొంచెం బరువెక్కిన గడ్డం, చుట్టూ ‘లుదోవికుస్ మాగ్నుస్ రెక్స్ క్రిస్టియానిస్సిముస్’ (మహా లూయీ, పరమ క్రైస్తవ రాజు) అన్న లాటిన్ రాత. మెడ కింద చెక్కిన శిల్పి జాన్ మోజే సంతకం. వెనుక వైపు ఆయుధాల కుప్ప మీద కూర్చున్న స్త్రీ రూపంలో ఫ్రాన్స్ దేశం. ఆమె పాదాల దగ్గరికి ఒక బీవర్ వచ్చి చేరింది, పక్కన సెయింట్ లారెన్స్ నదికి ప్రతీకగా ఒక మూర్తి. పైన ‘కొత్త ప్రపంచంలో ఫ్రాన్స్ విజయం’ అని, కింద ‘కెబెకా లిబెరాటా’ (క్యూబెక్ విముక్తి) అని, దాని కింద రోమన్ అంకెల్లో 1690 అని ఉన్నాయి.

1690 అక్టోబరులో మసాచుసెట్స్ నుంచి విలియం ఫిప్స్ ఓడలతో వచ్చి క్యూబెక్‌ను చుట్టుముట్టాడు. లొంగిపొమ్మని కబురు పంపితే, తన జవాబు ఫిరంగుల నోటి నుంచి వస్తుందని గవర్నర్ ఫ్రాంటెనాక్ దూతను తిప్పి పంపాడు. ఫిప్స్ కొద్ది రోజులు ప్రయత్నించి వట్టి చేతులతో వెనుదిరిగాడు. ఆ పోరాటంలో పాల్గొన్న తమ పూర్వీకుడికి రాజు పంపిన పతకం ఇదేనని ఈ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

సమస్య

తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు ఆస్తి పంచుకుంటున్నారు. ఎవరు పతకం తీసుకుంటే మిగతా సామాన్లలో వారి వాటా అంత తగ్గాలన్నది ఒప్పందం. తమ్ముడి దగ్గర పాత వస్తువుల వ్యాపారి ఒకరు రాసిచ్చిన కాగితం ఉంది: ‘1690 నాటి అసలు పతకం, మోజే చెక్కినది.’ ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ (లోహంలో ఏయే మూలకాలున్నాయో చెప్పే) పరీక్ష చేయించిన ఇంకో కాగితం అక్క దగ్గర ఉంది: రాగిలో ఆర్సెనిక్, యాంటిమొనీ, వెండి జాడలు ఉన్నాయని, ‘పాత లోహానికి అనుగుణంగా ఉంది’ అని. ఇద్దరికీ పతకం అసలైనదన్న నమ్మకమే. మరి నా దగ్గరికి ఎందుకు వచ్చారంటే, బీమా సంస్థ ఈ రెండు కాగితాలనూ ఒప్పుకోలేదు.

ఆ వ్యాపారి వాక్యాన్ని ముందు పక్కన పెట్టాను. 1690 నాటి అసలు పతకం అన్నది ఎలాగూ నిలవదు. గోడ మీది క్యాలెండర్‌లో శివాజీ పట్టాభిషేకం బొమ్మ ఉందని ఆ క్యాలెండర్ 1674 నాటిదని ఎవరూ అనరు. రాజుల పతకాల విషయంలో మాత్రం ఇలా అనేస్తారు, అందుకు కొంత కారణం ఉంది. ఇంగ్లండ్‌లో రాణి ఆన్ పట్టాభిషేకం 1702 ఏప్రిల్ 23న జరిగింది. ఐజాక్ న్యూటన్ అధిపతిగా ఉన్న లండన్ టంకశాలలో జాన్ క్రోకర్ చెక్కిన పతకం ఆ ఉత్సవం కోసమే తయారైంది, వెనుక ఆ తేదీ కూడా ఉంది. అక్కడ ఘటన తేదీకీ ముద్రణ తేదీకీ తేడా లేదు. ఇలాంటివి చూసి అలవాటైన కన్ను, ఏ పతకం మీద తేదీ కనిపించినా దాన్నే తయారీ తేదీ అనుకుంటుంది.

పద్నాలుగో లూయీ పతకాల కథ వేరు. 1663లో మంత్రి కోల్బేర్ కొద్దిమంది పండితులతో ఒక చిన్న అకాడమీ ఏర్పాటు చేశాడు. రాజు ఘనతను చాటే పతకాలకు బొమ్మలు, లాటిన్ వాక్యాలు ఆలోచించడం దాని పనుల్లో ఒకటి. రసీన్, బ్వాలో లాంటి పేరున్న రచయితలు కూడా ఇందులో చెయ్యి వేశారు. శతాబ్దం చివరికి వచ్చేసరికి, రాజు పుట్టుక దగ్గర నుంచి జరిగిన ఘట్టాలన్నిటినీ ఒకే కొలతలో, 41 మిల్లీమీటర్ల అడ్డకొలతతో, వరుసగా తయారు చేయాలని నిర్ణయించారు. 1702లో రాజ ముద్రణాలయం ఆ పతకాల చిత్రాలతో, వివరణలతో భారీ గ్రంథం వెలువరించింది. అందులో 286 పతకాలు ఉన్నాయి. 1715లో రాజు చనిపోయాక, 1723లో వచ్చిన కూర్పులో ఆ సంఖ్య 318కి చేరింది. వరుసలో చాలా భాగం చెక్కినవాడు మోజే.

ఈ వరుసలో నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గనిది రాజు ముఖం. ఏ ఘట్టానికి ఆ వయసు ముఖం చెక్కారు. 1643లో గద్దెనెక్కిన పతకం మీద నాలుగేళ్ల బాలుడు, 1690 పతకం మీద యాభై దాటిన మనిషి. కానీ ఆ బాలుడి ముఖాన్ని ఉక్కులో చెక్కేనాటికి అసలు రాజు యాభై దాటేశాడు. ముఖంలోని వయసు, పతకం మీది తేదీ రెండూ ఘటనకు చెందినవి. పనివాడి చేతికి చెందినవి కావు.

కాబట్టి ‘1690 నాటి’ అన్న మాట మొదటే పోయింది. మిగిలిన ప్రశ్న: ఇది 1702 ప్రాంతంలో, రాజు బతికుండగా కొట్టిన పతకమా, తరువాతిదా? పతకాలు కొట్టే ఉక్కు అచ్చులు పారిస్‌లో ఉండిపోయాయి. పాత అచ్చులతో, అవి అరిగిపోతే వాటిని చూసి చేసిన కొత్త అచ్చులతో, అక్కడి టంకశాల పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో ఈ వరుసను కొడుతూనే వచ్చింది. ఇవి దొంగ పతకాలు కావు, టంకశాల స్వయంగా చేసిన పునర్ముద్రణలు. క్యూబెక్ పతకానికి కెనడాలో గిరాకీ ఉండడం వల్ల ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి దశ: ఏది కాదో తేల్చడం

అంచు చూడడం నా మొదటి పని. 1832 నుంచి పారిస్ టంకశాల తన పతకాల అంచు మీద ఒక గుర్తు, దాని పక్కన లోహం పేరు గుద్దుతూ వచ్చింది. మొదట పాతకాలపు దీపం, తరువాత కొద్దికాలం లంగరు, 1842 నుంచి ఓడ ముందు భాగం, 1845 నుంచి 1860 దాకా వేలు చూపిస్తున్న చెయ్యి, ఆపైన 1879 దాకా తేనెటీగ, 1880 నుంచి పండ్లతో నిండిన కొమ్ము. గుర్తు కనిపిస్తే పని అక్కడితో అయిపోతుంది. ఈ పతకం అంచు మీద ఏమీ లేదు. నున్నగా, అంతటా ఒకే గోధుమ రంగులో ఉంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గుర్తు లేదు కాబట్టి 1832కు ముందుది, కాబట్టి పాతది, కాబట్టి అసలైనది అంటూ మెట్లు దిగుతారు. గుర్తు లేకపోవడానికి నేను నాలుగు కారణాలు రాసుకున్నాను. రాజు కాలంలో కొట్టినది కావచ్చు. ఆయన తరువాత, 1832కు ముందు కొట్టినది కావచ్చు. బయట ఎవరో తీసిన నకలు కావచ్చు. ఉన్న గుర్తును ఎవరైనా తీసేసి ఉండవచ్చు.

కాలిపర్‌తో కొలిస్తే అడ్డకొలత 41 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. తేడా చిన్నదే. అయినా వదిలేయలేదు, ఎందుకంటే తక్కువ కొలత అనగానే పోత పతకం గుర్తుకు రావాలి. అసలు పతకాన్ని ఇసుకలోనో మట్టిలోనో అద్ది ఆ గుంటలో కరిగిన లోహం పోస్తే, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని నకలు అసలు కంటే కొంచెం చిన్నదవుతుంది. బయటి నకళ్లలో ఎక్కువ భాగం ఇవే.

మైక్రోస్కోపు కింద ఆ అనుమానం నిలవలేదు. పోతలో అక్షరాల మొదళ్లు మెత్తగా, కరిగిన మైనంలా ఉంటాయి, ఖాళీ భాగంలో గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. ఇక్కడ అక్షరాలు ఖాళీ భాగం నుంచి నిటారుగా లేచాయి. వాటి చుట్టూ లోహం బయటి వైపు పారిన సన్నని గీతలు ఉన్నాయి. దెబ్బ పడినప్పుడు రాగి అచ్చు లోపలికి పారితేనే ఆ గీతలు వస్తాయి. రాజు చెవి పక్కన జుట్టు ఉంగరంలో చాలా చిన్న జంట గీత కూడా కనిపించింది. ఎత్తయిన బొమ్మలున్న పతకం ఒక్క దెబ్బకు నిండదు. మధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరచి, మళ్లీ అచ్చులో కూర్చోబెట్టి కొట్టాలి. రెండోసారి కూర్చున్నప్పుడు వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఇలా జంట గీత పడుతుంది.

విద్యుత్ పద్ధతిలో చేసిన నకలు కూడా కాదని తేల్చుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో మ్యూజియంలు ఇలాంటివి చేయించుకునేవి. బ్రిటిష్ మ్యూజియం కోసం రాబర్ట్ రెడీ చేసినవి ఎంత బాగుంటాయంటే, అంచు మీద ఆయన పేరు అక్షరాలు చూడకపోతే నిపుణులు కూడా తడబడతారు. ఇవి రెండు పలుచని రాగి పొరలు, మధ్యలో నింపిన సీసం లాంటి లోహం. గాలిలో, నీటిలో తూచి సాంద్రత లెక్కగట్టాను. రాగి సాంద్రతకు అతి దగ్గరగా వచ్చింది. సీసం ఉంటే బాగా పెరిగేది. అంచు మీద అతుకు గీత కూడా లేదు.

అంటే ఇది అచ్చులతో కొట్టిన రాగి పతకమే. కొలత తక్కువ ఎందుకుందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. దాన్ని నోట్సులో గుండ్రం చుట్టి ఉంచాను.

ఫలితమివ్వని దారులు

శైలి పనికిరాలేదు. వ్యాపారి ‘గీతలో మోజే చెయ్యి స్పష్టంగా తెలుస్తోంది’ అని రాశాడు. తెలుస్తుంది మరి, అచ్చు మోజేదైతే. ఆ అచ్చుతో వందేళ్ల తరువాత కొట్టినా ఆ చెయ్యే కనిపిస్తుంది. ముఖం ఎంత బాగుందన్నది శిల్పి గురించి చెబుతుంది, ప్రెస్సు మీద ఎవరు ఎప్పుడు నిలబడ్డారన్నది చెప్పదు.

లోహ పరీక్ష ఇంతకంటే తమాషాగా దారి తప్పించింది. పరీక్షలో తప్పేమీ లేదు. ఆర్సెనిక్, యాంటిమొనీ, వెండి జాడలు ఉన్న మాట నిజం. విద్యుత్తుతో రాగిని శుద్ధి చేసే పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో వ్యాపించాక ఈ మలినాలు దాదాపు కనబడకుండా పోయాయి. అంటే ఆ జాడలు ఉండడం వల్ల తేలేది ఒక్కటే: ఇది పూర్తిగా ఆధునిక రాగి కాదు. 1702 రాగిలోనూ ఆ జాడలుంటాయి, 1850 రాగిలోనూ ఉంటాయి, ఎందుకంటే రెండూ కొలిమిలో శుద్ధి చేసినవే. ఆ కాగితం నిజానికి తోసిపుచ్చింది తేనెటీగ కాలం చివరి పతకాలను, కొమ్ము గుర్తు పతకాలను. పరీక్ష చేసినవారు జాగ్రత్తగానే ‘అనుగుణంగా ఉంది’ అన్నారు. అక్క దాన్ని ‘పాతదని రుజువైంది’ అని చదువుకుంది. ఇంకోసారి చేయిద్దామా అని అడిగింది. డబ్బు దండగ అని చెప్పాను, జవాబు మారదు కాబట్టి.

మొదటి గట్టి సూచన వెనుక వైపు కనిపించింది. బీవర్ తోక దగ్గర, నది మూర్తి మోచేతి పక్కన ఖాళీ భాగంలో సూది మొనంత చుక్కలు గుంపుగా ఉన్నాయి. మామూలు కంటికి అవి తుప్పు తిన్న గుంటల్లా అనిపిస్తాయి. దీపాన్ని ఎడమ నుంచి కుడికి మార్చి చూస్తే నీడ ఏ వైపు పడుతోందో తెలుస్తుంది. ఇవి గుంటలు కావు, పైకి లేచిన బొబ్బలు. ఈ తేడా చాలా ముఖ్యం. పతకం తుప్పు పడితే పతకంలో గుంట పడుతుంది. అచ్చు తుప్పు పడితే అచ్చులో గుంట పడుతుంది, ఆ గుంట ప్రతి పతకం మీదా బొబ్బగా వస్తుంది. కొట్టేనాటికే ఈ పతకం వెనుక అచ్చు తుప్పు పట్టి ఉందన్నమాట.

కొత్తగా చెక్కి, నూనె పూసి, రోజూ వాడుతున్న అచ్చు అలా అవడం అరుదు. అల్మారాలో ఏళ్ల తరబడి పడి ఉన్నదానికే ఎక్కువగా ఇలా జరుగుతుంది. తరువాతి ముద్రణ వైపు మొగ్గు వచ్చింది. అయినా దీని మీద తీర్పు రాయలేం. తేమ గదిలో ఒక్క వర్షాకాలం చాలు అచ్చు పాడవడానికి. ఎన్నేళ్ల తరువాత కొట్టారో బొబ్బలు చెప్పవు. తీర్పు కావాలంటే తేదీ ఉన్న సాక్ష్యం కావాలి.

అంచు దగ్గరికి మళ్లీ

గుండ్రం చుట్టి ఉంచిన ప్రశ్నకు ఇప్పుడు తిరిగి వెళ్లాను. పోత కాకపోతే కొలత ఎందుకు తగ్గింది? ఈసారి ఒక్క చోట కొలిచి వదిలేయకుండా, పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూతా కొలిచాను. చాలా చోట్ల 41 మిల్లీమీటర్లు సరిగ్గా ఉంది. రాజు మెడ కింది భాగానికి ఎదురుగా ఉన్న ఒక వంపులో మాత్రమే తగ్గింది, అదీ మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలో. మొదటిసారి కాలిపర్ దవడ ఆ వంపు మీదే పడింది. ముడుచుకుపోయిన పోత అన్ని వైపులా సమానంగా తగ్గుతుంది, ఒక వైపే తగ్గదు. అక్కడ ఎవరో అంచును అరగదీశారు.

అరగదీసిన అంచు అలా ఎందుకు కనిపించలేదంటే, దాని మీద గోధుమ రంగు కలిపిన మైనం ఉంది. అసలు పాటినా (కాలంతో లోహం మీద ఏర్పడే రంగు పొర) రంగుకు బాగా దగ్గరగా కలిపారు. ఆ వంపు కొసన చిన్న చోట వైట్ స్పిరిట్ (మైనాన్ని కరిగించే ద్రవం) ముంచిన దూదితో తాకితే దూదికి రంగు అంటింది. పక్కన అసలు పాటినా మీద అదే దూది శుభ్రంగా వచ్చింది.

మైనం తీసేముందు ఆలోచించాల్సింది ఒకటుంది. ఇది కూడా వస్తువు చరిత్రలో భాగమే. ఒకసారి తీస్తే తిరిగి రాదు. ముందు ఫొటోలు తీసి, మైనం నమూనా గాజు పలక మీద భద్రపరచి, అక్కాతమ్ముళ్లిద్దరి నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ వంపు మీద మాత్రమే మైనం తీశాను. కింద ఆకురాయి గీతలు బయటపడ్డాయి. సన్నగా, పక్కపక్కన, అంచు వెంబడే సాగిన గీతలు. వాటి రంగు అప్పుడే అరగదీసిన రాగి మెరుపు కాదు, ఎరుపు తగ్గి గోధుమ వైపు తిరిగింది. అంటే నిన్న మొన్న చేసిన పని కాదు.

అరగదీసిన గుర్తును వెలికి తీయడానికి పోలీసు ప్రయోగశాలల్లో ఒక పద్ధతి ఉంది. తుపాకుల మీద గీకేసిన నంబర్లను యాసిడ్‌తో పైకి తెస్తారు. పంచ్ గుద్దినప్పుడు కింది లోహం కూడా నలిగి ఉంటుంది కాబట్టి, నలిగిన భాగం యాసిడ్‌కు వేరేగా స్పందిస్తుంది. పతకం మీద కూడా పనిచేయవచ్చు. నేను ఒప్పుకోలేదు. వాటాల తగవు తీర్చడం కోసం వస్తువును తినేయడం నాకు సమ్మతం కాదు, పైగా తప్పితే రెండో అవకాశం ఉండదు. సిలికోన్‌తో అచ్చు తీయడం కూడా మానుకున్నాను. పక్కనున్న అసలు పాటినాను అది ఊడబెరుకుతుందేమోనని భయం.

దీపం స్థానం మార్చుతూ వరుసగా ఫొటోలు తీసి కంప్యూటర్లో కలిపే పద్ధతి నా దగ్గర ఉంది. పతకం ముఖాల మీద అద్భుతంగా పనిచేస్తుంది. అంచు మీద విఫలమైంది. అంచు వంపు తిరిగి ఉండడంతో, ఒక అక్షరం ఫోకస్‌లోకి వచ్చేసరికి పక్కది మసకబారింది, నీడలు లెక్కకు అందలేదు.

చివరికి పనికొచ్చింది చాలా మామూలు ఏర్పాటు. దీపాన్ని అంచుకు దాదాపు సమాంతరంగా, కింది నుంచి వాలుగా కదలకుండా బిగించాను. పతకాన్ని మెత్తని బట్ట మీద నిలబెట్టి, బండి చక్రంలా నెమ్మదిగా దొర్లిస్తూ వీడియో తీశాను. దీపం కదలదు, అంచు కదులుతుంది, కాబట్టి ప్రతి గీత మీదా నీడ ఒక క్షణం పడి పోతుంది. నిశ్చల చిత్రంలో ఆకురాయి గీతల మధ్య కలిసిపోయినవి, కదలికలో విడిపడి కనిపించాయి. ఆకురాయి గీతలు అంచు వెంబడి పారుతున్నాయి. వాటికి అడ్డంగా కొన్ని కురచ గీతలు నిలబడి ఉన్నాయి.

ఆకురాయి మధ్యలో లోతుగా పోయింది, రెండు కొసల్లోనూ పైపైన సాగింది. లోతుగా పోయిన చోట ఏమీ మిగల్లేదు. పైపైన సాగిన చోట ముందు ఒక నిలువు గీత అడుగు, దాని పక్కన కిందకు కలిసే రెండు వాలు గీతల కొస, ఆపైన ఒక కాలు చాచిన అక్షరం పాదం, చివర మూడు అడ్డ గీతల్లో రెండు. ఐ, వి, ఆర్, ఇ. ఫ్రెంచిలో రాగిని సూచించే మాటలోని చివరి నాలుగు అక్షరాలు. మిగతా రెండూ లోతుగా పోయిన చోట ఉండాలి. ఆ అక్షరాల ముందు, కొంచెం దూరంలో, చొక్కా చేతి మడత లాంటి చిన్న చతురస్రం, దాని నుంచి సూటిగా వెళ్లిన ఒక గీత మొదలు.

మనసు చూడాలనుకున్నదే కన్ను చూస్తుందని ఈ వృత్తిలో త్వరగానే తెలిసిపోతుంది. అందుకే అక్కడితో ఆపలేదు. చెయ్యి గుర్తు స్పష్టంగా ఉన్న, ఇదే వరుసకు చెందిన ఇంకో పతకాన్ని ఒక సహవృత్తిదారు దగ్గర అరువు తెచ్చి, అదే దీపం కింద దొర్లించాను. అక్షరాల ఎత్తు, వాటి మధ్య ఎడం, గుర్తుకూ కనిపించిన మొదటి అక్షరానికీ మధ్య దూరం ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. సరిపోయాయి. ఓడ గుర్తు, తేనెటీగ గుర్తు ఉన్న పతకాల ఫొటోలతోనూ పోల్చాను. ఓడ అడుగు వంపుగా ఉంటుంది, తేనెటీగకు అంచులు చీలి ఉంటాయి. మడత లాంటి ఆ చతురస్రం రెండిట్లోనూ రాదు.

1845కూ 1860కీ మధ్య పారిస్ టంకశాలలో కొట్టిన పునర్ముద్రణ. లోహ పరీక్షలో కనిపించిన మలినాలకు, తుప్పు బొబ్బలకు, ఒక వైపే తగ్గిన కొలతకు ఈ జవాబు ఒక్కటే సరిపోయింది. అప్పుడే నివేదిక రాయడానికి కూర్చున్నాను.

నివేదికలో రాసింది, రాయనిది

తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న: ‘మోసం అన్నమాట. అలాగే రాస్తారా?’

రాయనన్నాను. అంచును అరగదీశారన్నది లోహంలో కనిపిస్తుంది. ఎందుకు అరగదీశారన్నది కనిపించదు. రంగు మైనం చూస్తే ఎవరో దాచడానికే చేశారనిపిస్తుంది, నాకూ అదే అనిపించింది. కానీ పతకాన్ని బిగుతైన చట్రంలో కూర్చోబెట్టడానికి ఉబ్బుగా ఉన్న ఒక చోట అరగదీసి, తరువాత చట్రం తీసేసినప్పుడు రంగు సరిచేసి ఉండవచ్చు కదా. పాత బ్రోచ్‌లలో, పెట్టె మూతల్లో బిగించిన పతకాలు ఎన్నో చూశాను. ఏ తరంలో జరిగిందో కూడా తెలియదు. కుటుంబంలోకి వచ్చేనాటికే అలా ఉండి ఉండవచ్చు. నా సంతకం కింద చనిపోయిన మనిషి మీద నింద ఉండకూడదు.

పూర్వీకుడి కథ గురించి అక్క అడిగింది. ఆయన క్యూబెక్‌లో పోరాడాడా లేదా అన్నది ఊరి చర్చి పుస్తకాల్లో, సైనిక పత్రాల్లో వెతకాల్సిన సంగతి. ఈ పతకం అందుకు అనుకూలంగానూ చెప్పదు, వ్యతిరేకంగానూ చెప్పదు అన్నాను. పోరాడిన సైనికులందరికీ పతకాలు ఇచ్చే ఆనవాయితీ ఆ కాలపు ఫ్రాన్స్‌లో లేదని, ఈ వరుస పతకాలు రాయబారులకు, రాజబంధువులకు, పండితులకు కానుకలుగా వెళ్లేవని కూడా చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ‘అయితే మా తాతల్లో ఎవరో దీన్ని కొనుక్కున్నారన్నమాట’ అంది. కొనుక్కుని ఉండవచ్చు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లీషు పాలన కింద ఉన్న ఒక ఫ్రెంచి కెనడా కుటుంబం, పారిస్ నుంచి ఏరికోరి క్యూబెక్ విజయం పతకం తెప్పించుకోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. నివేదికలో చేర్చడానికి అది ఊహ మాత్రమే కాబట్టి నోటితోనే చెప్పాను.

నివేదికలోని గుర్తింపు వాక్యం ఇలా ఉంది: ‘పద్నాలుగో లూయీ, క్యూబెక్ విముక్తి (ఘటన: 1690). 1702లో గ్రంథంగా వెలువడిన వరుసలోనిది, జాన్ మోజే రూపకల్పన. పారిస్ టంకశాల పునర్ముద్రణ, 1845–1860, రాగి. అంచు మీద టంకశాల గుర్తు, లోహం పేరు ఉన్న భాగం తరువాత ఆకురాయితో అరగదీయబడి, రంగు మైనంతో కప్పబడింది.’ రూపకల్పన అన్నానే గానీ ‘మోజే అచ్చుతో’ అనలేదు. ఆ ముఖభాగం అచ్చు ఆయనదేనా, దాన్ని చూసి తరువాత చేసినదా అన్నది తేల్చాలంటే రాజు కాలపు పతకం పక్కన పెట్టి జుట్టులోని ప్రతి ఉంగరం పోల్చాలి. ఆ పని ఈ కేసుకు అవసరం లేదు, వారు అడగనూ లేదు.

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి కొన్ని. పతకాల దరఖాస్తు కాగితంలో ‘తేదీ’ అన్న గడి తీసేసి మూడు గడులు పెట్టాను: ఘటన, అచ్చు, ముద్రణ. మూడోది ఖాళీగా ఉండిపోవడమే ఎక్కువ, అలా ఖాళీగా కనిపించడమే నాకు కావాలి. అడ్డకొలతను ఒక చోట కాకుండా చుట్టూతా కొలిచి, ఎక్కువ తక్కువలు రెండూ రాస్తున్నాను. ఎవరైనా లోహ పరీక్ష కాగితం తెస్తే, అది ఏ కాలాన్ని తోసిపుచ్చుతుందో ముందు వారి చేతే చెప్పించుకుంటున్నాను. దొర్లించి వీడియో తీసే ఏర్పాటు బల్ల మీద శాశ్వతంగా ఉండిపోయింది. బ్రిటన్ రాజు మొదటి జార్జ్ పతకాలు వచ్చినా, రోమ్‌లో పతకాలు చెక్కే హామెరాని కుటుంబం, గద్దె పోగొట్టుకుని దేశం వదిలిన స్టూవర్టు రాజవంశం కోసం చేసినవి వచ్చినా, ఇప్పుడు ముఖం కంటే ముందు అంచే దొర్లుతుంది.

పతకాన్ని అక్క తీసుకుంది, పునర్ముద్రణ విలువకు. బీమా సంస్థ నివేదికను ఒప్పుకుంది. తిరిగి ఇచ్చేముందు, మైనం తీసిన వంపు మీద తేమ పట్టకుండా రంగులేని మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పూశాను. పాత రంగు మైనంతో మళ్లీ కప్పేయమని తమ్ముడు అడిగాడు, చూడడానికి బాగుంటుందని. అక్క ఒప్పుకోలేదు. వీడియో ప్రతి ఒకటి వారి పెట్టెలో, పతకంతో పాటే ఉంది.